ట్రేను తూకం వేశాకే ట్యాంకరుకు ఫోన్ చేయండి

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నేనూ మా ఆయనా నాలుగేళ్ళుగా చిన్న నర్సరీ నడుపుతున్నాం. ఆరు సెంట్ల షేడ్ నెట్ కింద 600 ట్రేలలో టమాటా, మిరప నారు పెంచుతాం. బయట 4,000 కవర్లలో చీనీ (బత్తాయి) మొక్కలున్నాయి. మా ఆయన పెళ్ళికి ముందు కడియం నర్సరీల్లో పనిచేసి వచ్చారు. అక్కడిలాగే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో నీళ్ళు కొడతాం. రెండు వేల లీటర్ల ట్యాంకు రోజుకు రెండుసార్లు ఖాళీ అవుతుంది. మార్చి దాటిందంటే బోరు ఒక ట్యాంకు నింపేసరికే గాలి పోస్తోంది. మిగతాది ట్యాంకరు తెప్పించుకుంటున్నాం. నారు అమ్మిన డబ్బంతా నీళ్ళకే సరిపోతోంది. ఫాగర్లు పెట్టుకుంటే సగం నీళ్ళు మిగులుతాయని షాపతను అంటున్నాడు. మా మామయ్య ఇంకో బోరు వేద్దామంటున్నారు. ఇంకెవరో నీళ్ళు పీల్చి పట్టి ఉంచే హైడ్రోజెల్ మట్టిలో కలపమన్నారు. టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మీరేం చేయమంటారు?
— ఒక సోదరి, అనంతపురం జిల్లా

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎండాకాలంలో బోరు గాలి పోస్తుంటే ఆ శబ్దం వింటూ నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు పైగా నర్సరీ నడిపినవాణ్ణి, అందులో ఎక్కువ కాలం మీలాంటి నేలలోనే. ముందు మీకు కాస్త ధైర్యం వచ్చే మాట చెబుతాను. మీరిచ్చిన లెక్కను బట్టి చూస్తే, మీ మొక్కలకు రోజుకు నాలుగు వేల లీటర్లు అవసరం లేదు. మీ బోరు ఇప్పుడిస్తున్న ఆ ఒక్క ట్యాంకుతోనే గడిచే అవకాశం ఉంది. ఎలాగో చెబుతాను. అయితే ఏ వస్తువూ కొనకముందే మీరు చేయాల్సిన పని ఒకటుంది.

ఇంట్లోనో పక్క కొట్లోనో ఐదు కిలోలు తూగే చిన్న కాటా ఉంటే తెచ్చుకోండి. ఐదు ట్రేలు ఎంచుకోండి: నడుమ రెండు, అంచున రెండు, గాలి ఎక్కువ తగిలే మూలన ఒకటి. పొద్దున్నే వాటికి అడుగునుంచి కారేదాకా నీళ్ళు పోసి, కారడం ఆగాక ఒక్కో ట్రేను తూచి బరువు రాసుకోండి. ఆ ఐదింటికీ ఆ రోజు మళ్ళీ నీళ్ళు పెట్టకండి. మధ్యాహ్నం నారు వాడిపోతున్నట్టు కనిపిస్తే మాత్రం అంతటితో ఆపి, అప్పటి బరువు రాసుకుని నీళ్ళు పెట్టేయండి. మర్నాడు అదే వేళకు మళ్ళీ తూచండి. తగ్గిన ప్రతి గ్రామూ ఒక మిల్లీలీటరు నీరు. ఆ ట్రేలోని నారు, కొబ్బరి పొట్టు, ఎండ, గాలి అన్నీ కలిసి ఒక రోజులో తీసుకున్నది అంతే. మీరు తిరిగి ఇవ్వాల్సింది కూడా దాదాపు అంతే.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. 98 గుంతల ట్రే తడిసినప్పుడు 1,700 గ్రాములు తూగి, మర్నాటికి 1,250కి దిగిందనుకోండి. తేడా 450 గ్రాములు, అంటే అరలీటరు కూడా లేదు. 600 ట్రేలకూ కలిపి 270 లీటర్లు. ఇక కవర్లు. చీనీ మొక్క కవరును కూడా ఇలాగే తూచాలి. ఎండాకాలంలో ఒక్కో కవరు రోజుకు 300 మిల్లీలీటర్లు తాగుతుందనుకుంటే నాలుగు వేల కవర్లకు 1,200 లీటర్లు. రెండూ కలిపితే 1,470. అన్నిచోట్లా సమంగా పడదు కాబట్టి, ఉప్పు అడుగుకు దిగిపోవడానికి కొంచెం కారాలి కాబట్టి ఇంకో ఐదో వంతు కలుపుకోండి. 1,764 లీటర్లు అయింది. మీ ట్యాంకు రెండు వేలది.

ఇవి నా అంచనా అంకెలు. మీ కాటా చెప్పే అంకె వేరుగా ఉంటుంది. నారు వయసు పెరిగేకొద్దీ, మే నెల ఎండ ముదిరేకొద్దీ అది పెరుగుతుంది కూడా. అయినా నాలుగు వేల లీటర్లలో సగానికి పైగా మొక్క వేరు దాకా చేరడం లేదని నా గట్టి నమ్మకం. మరి అవి ఎక్కడికి పోతున్నాయి? ఎక్కువ భాగం మీరు నడిచే దారిలోకే. 98 గుంతల ట్రే సుమారు 54 సెంటీమీటర్ల పొడవు, 27 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 600 ట్రేలను ఆనించి పేరిస్తే 88 చదరపు మీటర్లలో, అంటే రెండు సెంట్లకు కాస్త పైన సరిపోతాయి. మీ షేడ్ నెట్ ఆరు సెంట్లు. పైపు మూతికి వేలు అడ్డం పెట్టి చిమ్మితే దారి తడుస్తుంది, ట్రేల సందులు తడుస్తాయి, పక్క నెట్టు తడుస్తుంది. ధార గట్టిగా తగిలినచోట కొబ్బరి పొట్టు గుంతలోంచి లేచిపోతుంది కూడా.

మీ ఆయన కడియంలో నేర్చుకున్న పని తప్పని నేను అనను. మొక్కను చూసుకోవడం, కన్ను అంటు కట్టడం, నీడ అమర్చడం నేర్చుకోవాలంటే అంతకన్నా మంచి బడి దొరకదు. కాకపోతే కడియం గోదావరి కాలువల కింద ఉన్న ఊరు. అక్కడ పైపు పట్టుకున్న మనిషి నీళ్ళను లెక్కపెట్టాల్సిన అవసరం రాలేదు. అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఆ పనితనం అలాగే ఉంచుకుని పైపు అలవాటు ఒక్కటి మార్చుకోమని ఆయనకు నా మాటగా చెప్పండి. తూకం వేసేటప్పుడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుంటే నేను ఇంత చెప్పాల్సిన పని కూడా ఉండదు.

ఇప్పుడు ఫాగర్ల సంగతి. వద్దు. ఫాగర్ నీటిని పొగమంచులా చిమ్ముతుంది. గాలిలో తేమ పెంచడానికి, కొమ్మ కత్తిరింపులు వేరు పట్టేదాకా కాపాడటానికి అది బాగా పనిచేస్తుంది. మీ షేడ్ నెట్ పక్కలనుంచి గాలి దూరేది. ఏప్రిల్‌లో మన పొడిగాలికి ఆ తుంపరలో చాలా భాగం ట్రే మీద పడకముందే ఆరిపోతుంది. పడింది ఆకును తడుపుతుంది తప్ప గుంత అడుగుదాకా దిగదు. పైగా ఫాగర్లు పైన వరుసగా కడతారు కాబట్టి రెండు సెంట్ల ట్రేల కోసం ఆరు సెంట్లూ తడపాల్సి వస్తుంది. బోరు నీళ్ళలో సున్నం ఉంటే ఆ సన్న రంధ్రాలు త్వరగా మూసుకుపోతాయి. ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

ట్రేలకు నేను చెప్పేది చాలా చిన్న ఖర్చు. పైపు చివర పొడవాటి గొట్టం, దానికి నీళ్ళు జల్లులా పడే సన్న రంధ్రాల మూతి (రోజ్), చేతి దగ్గరే మూసే తెరిచే వాల్వు. ఈ మూడూ ఉంటే చాలు. ఒక వరుస నుంచి ఇంకో వరుసకు నడిచే ఆ కొన్ని క్షణాలు వాల్వు మూయడం వల్లనే ఎంత మిగులుతుందో మీరే చూస్తారు. ట్రేలను సందు లేకుండా ఆనించి పేర్చండి. మనిషి చేయి అందేంత వెడల్పే పెట్టుకుని దారులు తగ్గించండి. ఎండలో పడి ఉన్న పైపులోని మొదటి నీళ్ళు వేడిగా ఉంటాయి, వాటిని నారు మీద పోయకుండా బకెట్‌లో పట్టి చల్లారాక వాడుకోండి.

నీళ్ళు పోసే తీరు కూడా ముఖ్యమే. బాగా ఆరిన కొబ్బరి పొట్టు గుంత గోడనుంచి కాస్త విడిపోతుంది. అప్పుడు ఒక్కసారిగా పోస్తే నీళ్ళు ఆ సందులోంచి జారి అడుగున కారిపోతాయి, నడుమ పొట్టు పొడిగానే ఉంటుంది. కింద కారింది కదా, తడిసింది అనుకుంటాం. అందుకని వరుసంతా ఒకసారి పలచగా తడిపి, పది నిమిషాలాగి రెండోసారి తడపండి. మొదటి తడికి పొట్టు ఉబ్బి సందు మూసుకుంటుంది, రెండో తడి లోపల నిలుస్తుంది. ఒక మొక్కను లాగి వేరుగడ్డ అడుగు చూస్తే తేడా తెలుస్తుంది.

పొద్దున ఎనిమిదిలోపు తడి అయిపోవాలి. సాయంత్రం కొట్టడం మానేయండి. రాత్రంతా తడి ఆకుతో, తడి కాండంతో ఉన్న నారుకే కుళ్ళు త్వరగా పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ చిన్న గుంతలో నీళ్ళు రోజంతా ఆగకపోవచ్చు. అప్పుడు మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య, వాడుతున్న ట్రేలకు మాత్రమే, పొద్దున పోసినదాంట్లో మూడోవంతు ఇవ్వండి. అవి ఎప్పుడూ అంచు వరుసలే అయి ఉంటాయి. పడమర, దక్షిణం పక్కల షేడ్ నెట్‌ను నేలదాకా దించి కడితే ఆ అంచుల బాధ చాలా తగ్గుతుంది. పాత నెట్టు ముక్కలైనా పనికొస్తాయి.

ఒకేచోట అన్ని వయసుల ట్రేలూ కలిపి పెట్టారేమో చూడండి. వారం నారుకూ ఇరవై రోజుల నారుకూ ఒకే తడి పెడితే చిన్నది కుళ్ళుతుంది, లేదా పెద్దది వాడుతుంది. మనం పెద్దదానికి భయపడి అన్నిటికీ ఎక్కువే పోస్తాం. వయసువారీగా విడదీసి, ఒక్కో గుంపులో ఒక ట్రేకు గుర్తు పెట్టి రోజూ దాన్నొక్కదాన్నే తూచండి. పదిహేను రోజులు చేశాక కాటా అవసరం కూడా తగ్గిపోతుంది. ట్రేను చేత్తో ఎత్తగానే పదును ఉందో లేదో మీకే తెలిసిపోతుంది.

విత్తనం వేసిన కొత్తలో అసలు రోజూ తడి అక్కర్లేదు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు చెప్పే పద్ధతి ఇది: తగినంత పదునున్న కొబ్బరి పొట్టు నింపి, విత్తనం వేసి, పదేసి ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథీన్ షీటు కప్పేయడం. మొలక కనిపించేదాకా లోపలి తేమే సరిపోతుంది. టమాటాకు ఐదారు రోజులు, మిరపకు ఇంకొంచెం ఎక్కువ. రోజూ తెరిచి చూడాలి, మొలక తల ఎత్తగానే విడదీసి పరచాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు సన్నగా సాగిపోతాయి. మీరు విత్తిన రోజునుంచే పరిచి నీళ్ళు కొడుతున్నట్లయితే ప్రతి విడతలోనూ దాదాపు వారం రోజుల నీళ్ళు ఇక్కడే మిగులుతాయి.

నారును తేమ ఆపేసి గట్టిపరచడం కూడా మర్చిపోకండి. అమ్మడానికి నాలుగైదు రోజుల ముందునుంచి తడి తగ్గించి, నీడ తీసి ఎండ చూపిస్తే కాండం గట్టిపడుతుంది, పొలంలో నాటాక త్వరగా తిప్పుకుంటుంది. తోలే ముందురోజు సాయంత్రం ఒక్క పలచని తడి చాలు, వేరుగడ్డ విరగకుండా గుంతలోంచి వస్తుంది. లేతగా ఏపుగా కనిపించే నారే మంచిదని రైతులు అడుగుతారు, నిజమే. వాళ్ళకు ఓపిగ్గా చెప్పి చూపించండి, రెండో ఏడాది వాళ్ళే గట్టి నారు అడుగుతారు.

కవర్ల దగ్గరికి వద్దాం. మీ నీళ్ళలో పెద్ద వాటా వీటిదే, కాబట్టి ఎక్కువ మిగిలేది కూడా ఇక్కడే. వెంటనే వెళ్ళి కవర్లలో మట్టి ఎంతవరకు ఉందో చూడండి. చాలా నర్సరీల్లో కవరును అంచుదాకా నింపేస్తారు, నిండుగా కనిపిస్తుందని. దాని మీద పోసిన నీళ్ళు నిలిచే చోటు లేక పక్కకు జారిపోతాయి. ఎనిమిది అంగుళాల వెడల్పు కవరు మట్టి నింపాక ఐదంగుళాల గుండ్రం అవుతుంది. పైన ఒక్క అంగుళం ఖాళీ ఉంచితే అందులో సుమారు 330 మిల్లీలీటర్లు నిలుస్తాయి. ఇందాక మనం లెక్కవేసుకున్న రోజు తడి అంతకన్నా తక్కువే. అంటే ఒక్కసారి నింపితే ఆ రోజుకు సరి, కొలత కూడా దానంతటదే వస్తుంది. నిండుగా ఉన్న కవర్లలో పైమట్టి గుప్పెడు తీసేయండి, వేరు బయటపడకుండా. నాలుగు వేల కవర్లకు ఇద్దరు కూలీలకు కొన్ని రోజుల పని. నా అనుభవంలో చేతిపనితో ఇంత ఫలితమిచ్చింది ఇంకోటి లేదు.

మిగిలిన ఆ ఖాళీలో వేరుశనగ పొట్టు పలచగా చల్లండి. మన జిల్లాలో దానికి కరువు లేదు. ఎర్రమట్టి పైన అట్ట కట్టకుండా ఉంటుంది, ఎండ నేరుగా తగలదు. మొదలుకు ఆనకుండా కాస్త దూరంగా ఉంచండి, లేకపోతే చెదలు పట్టొచ్చు. కవర్లను కూడా ట్రేల్లాగే ఆనించి, జానెడు లోతు తీసిన మడిలో నిలబెట్టండి. బయటి వరుస నల్ల కవర్లు ఎండకు కాలిపోతాయి. ఆ వరుసకు చుట్టూ మట్టి ఎగదోయండి, లేదా పాత గోనెసంచులు అడ్డం కట్టండి. ఈసారి కొత్త కవర్లు నింపేటప్పుడు ఎర్రమట్టి, ఇసుకతోపాటు బాగా చివికిన పశువుల ఎరువు మూడోవంతు ఉండేలా చూసుకోండి. ఇసుక ఎక్కువైతే ఎంత పోసినా నిలవదు.

డ్రిప్ గురించి మీరు అడగలేదు కానీ కవర్లకు నేను సలహా ఇచ్చే ఖర్చు అదొక్కటే. అదీ అన్నిటికీ ఒక్కసారి వద్దు, కన్ను కట్టి ఇంకా ఆరు నెలలు మీ దగ్గరే ఉండబోయే వెయ్యి కవర్లతో మొదలుపెట్టండి. గంటకు నాలుగు లీటర్లిచ్చే డ్రిప్పర్‌కు నాలుగు సన్న గొట్టాల కొమ్మ తగిలించి, ఒక్కో గొట్టం కొసను ఒక్కో కవరులో గుచ్చుతారు. కవరుకు గంటకు లీటరు పడుతుంది. 300 మిల్లీలీటర్లకు పద్దెనిమిది నిమిషాలు చాలు. వెయ్యి కవర్లకు 250 డ్రిప్పర్లు, గంటకు వెయ్యి లీటర్ల లెక్కన నడిచే చిన్న మోటారు. ట్యాంకును మిద్దె ఎత్తున పెట్టి దాని ఒత్తిడితోనే నడుపుదామనుకోకండి. మూడు మీటర్ల ఎత్తుకు వచ్చే ఒత్తిడి ఈ రకం డ్రిప్పర్లకు చాలదు, దగ్గరి కవర్లు నిండుతాయి, కొసవి ఎండుతాయి. ఫిల్టర్ తప్పనిసరి. వారానికోసారి లేటరల్ (వరుసల వెంట పరిచే సన్న పైపు) కొసలు విప్పి మట్టి వదిలేయాలి. సామాను కొనేముందు రైతు సేవా కేంద్రంలోనో, సూక్ష్మ సేద్య పథకం కార్యాలయంలోనో సబ్సిడీ ఏది వర్తిస్తుందో అడగండి. కొన్నాక అడిగితే ఉపయోగం ఉండదు.

అడుగునుంచి నీళ్ళు పట్టించే పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే లెక్కలో అన్నిటికన్నా తక్కువ నీళ్ళు ఖర్చయ్యేది అదే. 1.2 మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవుతో చదునుగా మడి చేసి, అంచులకు ఇటుకలు పెట్టి టార్పాలిన్ షీటు పరుస్తారు. అందులో 36 ట్రేలు పడతాయి. రెండు సెంటీమీటర్ల ఎత్తున నీళ్ళు నింపితే 120 లీటర్లు. పది పదిహేను నిమిషాల్లో ట్రేలు తమకు కావాల్సింది అడుగు రంధ్రాలనుంచి పీల్చుకుంటాయి. మన లెక్కలో 36 ట్రేలకు సుమారు 16 లీటర్లు. మిగతా వంద లీటర్లు పక్క మడికి వదిలేయొచ్చు. ఆకు తడవదు, చుక్క దారిలో పడదు.

అయినా దీన్ని మీకు ఇప్పుడే పూర్తిగా చేయమని చెప్పలేకపోతున్నాను. ఒక ఏడాది మిరప నారుకు నేను ఇదే పెట్టాను. ఒక ట్రేలో నాలుగైదు మొక్కలు మొదలు దగ్గర నల్లబడి వాలి ఉంటే చూసీ పట్టించుకోలేదు, అమ్మకాల హడావుడిలో ఉన్నాను. నారుకుళ్ళు కలిగించే పిథియం నీళ్ళలో ఈదుతూ పాకే తెగులు. ఆ మడి నీళ్ళు ఇంకో మడికి, అక్కడినుంచి మూడోదానికి వెళ్ళాయి. మూడు నాలుగు రోజుల్లో మూడు మడులూ పోయాయి. ముందే డబ్బు కట్టిన రైతులకు ఏం చెప్పాలో తెలియక ఇంటికి వెళ్ళలేకపోయాను. తప్పంతా నాదే. అందుకే చెబుతున్నాను, కావాలంటే ఒక్క మడితో మొదలుపెట్టండి. ఆ మడి నీళ్ళను ఇంకో నారుకు వాడకండి, చీనీ తల్లిచెట్లకో కరివేపాకుకో పోయండి. వాలిన మొక్క కనబడిన ట్రేను ఆ క్షణమే బయటపెట్టండి. కొబ్బరి పొట్టు నింపేటప్పుడే ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే శిలీంధ్రం పొడి కలపండి. కుళ్ళు మొదలైతే లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడపాలి. అడుగునుంచి తాగే ట్రేలలో ఉప్పు పైకి చేరి తెల్లగా పేరుకుంటుంది, వారానికోసారి పైనుంచి కడిగినట్టు ఒక మంచి తడి ఇవ్వాలి.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి, మీ బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్ళి ఎక్కడ పరీక్ష చేయించాలో అడగండి. ఉప్పు నీళ్ళయితే మరీ పిసినారిగా పోయడం కూడా ప్రమాదమే, ఉప్పంతా గుంతలోనే ఉండిపోయి ఆకు అంచులు మాడతాయి. అందుకే నేను ఐదో వంతు అదనంగా కలిపాను. అది కారిపోయే నీళ్ళే అయినా వృథా కాదు. ట్రేల కింద ఏటవాలుగా షీటు పరిచి, ఆ కారినదాన్ని ఒక తొట్టిలోకి మళ్ళిస్తే తల్లిచెట్లకు సరిపోతుంది. హైడ్రోజెల్ కూడా ఉప్పు నీళ్ళలో సరిగా ఉబ్బదు. ట్రేలకు కొబ్బరి పొట్టు ఉండగా దాని అవసరమే లేదు. కవర్లకు మంచి పశువుల ఎరువు వేశాక, ఇంకా మనసులో ఉంటే యాభై కవర్లలో వేసి చూడండి, అంతకు మించి డబ్బు పెట్టకండి.

ఇంకో బోరు గురించి మామయ్యగారికి నచ్చజెప్పే పని మీదే, కష్టమే. పెద్దాయన మీ మంచి కోసమే అంటున్నారు. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. అది వచ్చినా, అదే నేల కింద ఉన్న అదే నీటిని రెండు గొట్టాలతో లాగడం అవుతుంది. పడకపోతే అప్పు మిగులుతుంది. మన ఊళ్ళలో ఆ అప్పుల కథలు ఆయనకు మనకన్నా ఎక్కువ తెలుసు. ఆ డబ్బులో కొంత వాన నీటికి పెట్టమని అడిగి చూడండి. మీ నారు షెడ్డుకు పైన పాలిథీన్ కప్పు వేసుకున్న రోజున, వంద చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే ఐదు వేల లీటర్లు. కొంత పోయినా నాలుగు వేలు తొట్టిలో పడతాయి. ఉప్పు లేని నీళ్ళు, లేత నారుకు అంతకన్నా మంచివి ఉండవు. బోరు నీళ్ళతో సగం సగం కలిపి వాడుకున్నా ఎంతో మేలు.

చివరగా ఒక మాట, ఇది మీకు నచ్చకపోవచ్చు. మే నెలలో 600 ట్రేలూ నిండుగా ఉండాల్సిన అవసరం ఉందా? టమాటా నారు 25 రోజులకు, మిరప 35 నుంచి 40 రోజులకు వెళ్ళిపోవాలి. ఆ గడువు దాటి కొనేవాడి కోసం కూర్చున్న ట్రే రోజూ లేత నారుకన్నా ఎక్కువ నీళ్ళు తాగుతుంది, రోజురోజుకూ ధర తగ్గుతుంది. అడ్వాన్సు ఇచ్చిన రైతుల లెక్కకు పదో వంతు కలుపుకుని అంతవరకే విత్తండి. ముదిరిన నారు ఉంటే ఎవరికైనా ఊరికే ఇచ్చేయండి. ప్రాణం ఒప్పదు, తెలుసు. కానీ ట్యాంకరు నీళ్ళు కొని ముదురు నారును బతికించడమే మీ డబ్బును ఎక్కువగా తినేస్తోందని నా అనుమానం.

రేపు పొద్దున్నే ఆ ఐదు ట్రేలు, ఐదు కవర్లు తూచి మూడు రోజుల బరువులు రాసి నాకు పంపండి. నారు వయసు, ట్రే ఉన్న చోటు పక్కనే రాయండి. ట్యాంకు రోజుకు ఎన్నిసార్లు ఖాళీ అయిందో కూడా రాయండి. ఆ కాగితం చూశాక డ్రిప్ ఏ వరుసలతో మొదలుపెట్టాలో, మధ్యాహ్నం తడి ఎన్ని ట్రేలకు కావాలో మీ నర్సరీకి సరిపోయేలా లెక్కకట్టి రాస్తాను.